డిసెంబరు దాకా నిలిచే మొక్కజొన్న మడి: మిస్సోరీలో జింకల వేటకు మేత పంట వేసే పద్ధతి

మా ఊళ్లో మొక్కజొన్న చేలో మంచె వేసేది జంతువులను తరమడానికి. కంకి పాలు పోసుకోగానే మా నాన్న టార్చిలైటు, రేకు డబ్బా పట్టుకొని మంచె ఎక్కేవారు. తెల్లవారే దాకా అడవి పందులను అదిలిస్తూనే ఉండేవారు. అమెరికాలోని ఉత్తర మిస్సోరీలో నలభై ఎకరాలు కొన్నాక అదే పంట వేసి, అదే మంచె కట్టి, జంతువు రావాలని గాలి పీల్చకుండా కూర్చోవడం నాకు మొదట్లో మనసుకు పట్టలేదు. ఇప్పుడు అది నా ఏడాదిలో నేను ఎదురుచూసే పని.

ఇక్కడి వేటగాళ్లు ఇలాంటి మడిని ‘ఫుడ్ ప్లాట్’ అంటారు. తెల్లతోక జింకల కోసం క్లోవర్ అనే మేత మొక్క, సోయా, ముల్లంగి జాతి పంటలు ఎన్నో వేస్తారు. మొక్కజొన్న వాటిలో ఖర్చు ఎక్కువైనది, శ్రమ ఎక్కువైనది. అయినా వేయాలనుకునేవారు మొదట ఒక్క సంగతి మనసులో నాటుకోవాలి: ఇది చలికాలపు మేత. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఓక్ చెట్ల కాయలు రాలుతాయి. అవి నేల మీద ఉన్నంతకాలం జింక మీ కంకుల వైపు పెద్దగా తలెత్తి చూడదు. కాయలు అయిపోయి, మంచు కురిసి, ఆకు అలం ఎండిపోయాక దానికి ఒంట్లో వేడి నిలిపే తిండి కావాలి. మొక్కజొన్న గింజలో మాంసకృత్తులు 8–10 శాతమే, పిండి పదార్థం మాత్రం 70 శాతం దాకా ఉంటుంది. కొమ్ములు పెంచడానికి ఇది పనికొచ్చే మేత కాదు, చలిని తట్టుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు. కాబట్టి మడి గెలిచిందా ఓడిందా అన్నది డిసెంబరు మధ్యలో ఎన్ని కంకులు కర్ర మీద నిలిచి ఉన్నాయో దాన్ని బట్టి తేలుతుంది. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్క లెక్క కోసమే.

విత్తనం కొనే ముందు చట్టం

భారతదేశంలో వన్యప్రాణులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ వ్యాసం అమెరికాలో సొంత భూమి గాని, వేటకు అనుమతి ఉన్న భూమి గాని ఉన్నవారి కోసం. ఇక్కడి పరిస్థితి వేరు. 1925 నాటికి మిస్సోరీ మొత్తంలో నాలుగు వందల జింకలే మిగిలాయని అంచనా. తర్వాత కట్టుదిట్టంగా కాపాడి, ఇతర చోట్ల నుంచి తెచ్చి వదిలి పెంచారు. ఇప్పుడు పది లక్షలకు పైగా ఉన్నాయి. రోడ్ల మీద ప్రమాదాలకు, పంట నష్టాలకు అవే కారణమవుతున్నాయి. పరిమితుల మధ్య సాగే వేట వాటి సంఖ్యను అదుపులో ఉంచే పద్ధతిలో ఒక భాగం.

మిస్సోరీలో 1967 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారు సాధారణంగా వేటగాళ్ల శిక్షణ పూర్తి చేస్తేనే తుపాకీ వేటకు అనుమతి పత్రం ఇస్తారు. విల్లుతో వేట సెప్టెంబరు 15 నుంచి జనవరి 15 దాకా ఉంటుంది, నవంబరు తుపాకీ వేట రోజులు మినహాయించి. తుపాకీ వేట రోజుల్లో నారింజ రంగు టోపీ, చొక్కా తప్పనిసరి.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. స్నేహితుడి తుపాకీ ఒక్కసారి పట్టుకొని ఫొటో దిగుదామనుకున్నా సరే, ముందుగా వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగండి. విల్లు ఈ చట్టం కిందకు రాదు. నేను గ్రీన్ కార్డు వచ్చే దాకా విల్లుతోనే వేటాడాను. ఇప్పటికీ అదే ఎక్కువ ఇష్టం.

ఇక పంటకు సంబంధించిన నిబంధన. మిస్సోరీలో గింజలు తెచ్చి కుప్ప పోసి దాని దగ్గర జింకను వేటాడటం నేరం. గింజలు పూర్తిగా తీసేసిన తర్వాత కూడా పది రోజుల వరకు ఆ చోటును ఎర వేసిన చోటుగానే పరిగణిస్తారు. నేలలో నాటి పెంచిన పంట దగ్గర మాత్రం వేటాడవచ్చు. నిలిచిన కర్రలను కోసి పడేసినా జింకలు, టర్కీ కోళ్ల విషయంలో తప్పు కాదు. అదే మడిలో నీళ్లు నిలిచి బాతులు దిగుతుంటే లెక్క మారిపోతుంది. వలస పక్షుల మీద కేంద్ర నిబంధనలు ఉన్నాయి. కోసి పడేసిన మొక్కజొన్న మీద బాతుల వేట నేరం. వేరే రాష్ట్రంలో ఉంటే ఈ పేరాలో ఒక్క మాట కూడా అక్కడికి వర్తిస్తుందని అనుకోకండి. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏడాది విడుదల చేసిన పుస్తకం చదవండి.

ఎంత వేయాలి

మొదటి ఏడాది నేను అర ఎకరం వేశాను. మొలకలు ముద్దుగా లేచాయి. జూన్‌లో మోకాలెత్తు మొక్కల మొవ్వులు కొరికి ఉన్నాయి. జూలై చివర పీచు వేయగానే రాత్రికి రాత్రి పీచంతా తినేశాయి. సెప్టెంబరులో నాకు మిగిలినవి మొండి కర్రలు. అమ్మినవారు ‘చిన్న మడికి చాలినంత’ అని చెప్పిన విత్తన సంచి అది. వారి మాట తప్పని చెప్పను. మా చుట్టూ ఎన్ని జింకలు తిరుగుతున్నాయో వారికి తెలియదు, నేను లెక్క వేసుకోలేదు.

లెక్క వేయడం కష్టం కాదు. ఎరువు వేసి ఓ మాదిరిగా చూసుకున్న మడిలో ఎకరానికి 80 బుషెళ్లు వస్తాయనుకుందాం. బుషెల్ అంటే 56 పౌండ్లు, మన లెక్కలో పాతిక కిలోలు. రెండెకరాలకు దాదాపు తొమ్మిది వేల పౌండ్ల గింజ. ఇరవై జింకలు రోజుకు తలా మూడు పౌండ్లు తింటే నవంబరు నుంచి జనవరి మధ్య దాకా 75 రోజులకు నాలుగున్నర వేల పౌండ్లు పోతాయి. మిగతాది రాకూన్లు (పిల్లి కంటే కాస్త పెద్దగా ఉండి చెట్లెక్కే అడవి జంతువులు), ఉడతలు, టర్కీ కోళ్లు, కాకులు పంచుకుంటాయి. కాబట్టి కంచె లేకుండా వేస్తే రెండెకరాలకు తగ్గవద్దు. చుట్టూ సోయా పొలాలు లేని అడవి ప్రాంతంలో మూడు ఎకరాలైనా కావాలి. ఒక ఎకరమే ఉంటే కరెంటు కంచె వేయగలిగితేనే మొక్కజొన్న జోలికి వెళ్లండి. అర ఎకరం ఉన్నవారికి క్లోవర్ మంచిది.

విత్తడానికి యంత్రాలు, తీరిక లేనివారికి ఇంకో దారి ఉంది. నా ఉద్దేశంలో కొత్తవారికి ఇదే ఉత్తమం. పక్క రైతు ఇప్పటికే మొక్కజొన్న వేస్తుంటే, అడవి అంచున ఉన్న ఒక ఎకరాన్ని కోయకుండా వదిలేయమని అడగండి. అతనికి రావలసిన దిగుబడికి ఆ రోజు ధర కట్టి ఇవ్వండి. ఎకరానికి 150 బుషెళ్లు, బుషెల్‌కు నాలుగు డాలర్లు అనుకుంటే ఆరు వందల డాలర్లు. విత్తనం, ఎరువు, మందు, డీజిల్, ట్రాక్టరు అద్దె కలిపి చూసుకుంటే సొంతంగా వేసినా ఖర్చు అంతకు మరీ దూరంగా ఉండదు. మాట మార్చిలోనే అనుకొని కాగితం మీద రాసుకోవాలి. కోత యంత్రం పొలంలోకి దిగాక అడిగితే ఎవరికీ వినే తీరిక ఉండదు.

చోటు

రోడ్డు మీద నుంచి కనిపించే చోట వేయకండి. కారు ఆపి కాల్చి పోయే దొంగ వేటగాళ్లకు మనమే పందిరి వేసినట్టవుతుంది. మిట్ట నేల, నీరు నిలవనిది, రోజుకు ఎనిమిది గంటలైనా ఎండ పడేది చూడండి. అడవి అంచున నీడ పడే ముప్పై అడుగుల మేర చెట్ల వేళ్లు నీటిని లాగేస్తాయి. అక్కడ మొక్కజొన్న వేస్తే నడుమెత్తు కూడా పెరగదు. ఆ అంచును క్లోవర్‌కు వదిలేయండి.

అన్నిటికంటే ముఖ్యం మీరు వచ్చి పోయే దారి. సాయంత్రం మంచె దిగేటప్పుడు మడిలో జింకలు ఉంటాయి. వాటికి కనిపించకుండా, వాసన తగలకుండా బయటపడే దారి లేని మడి రెండు వారాల్లో పగటి వేటకు పనికిరాకుండా పోతుంది. అవి చీకటి పడ్డాకే రావడం నేర్చుకుంటాయి. మా ప్రాంతంలో చలికాలపు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. అందుకే నా మంచె ఆగ్నేయ మూలన, అక్కడి నుంచి దిగితే నేరుగా ఒక వాగు. వాగు గట్టు చాటున నడిచి బండి దగ్గరకు చేరతాను. అలాంటి చాటు లేనివారు మడికి, దారికి మధ్య జొన్న వరుసలు వేసుకోవచ్చు. మన పొడుగు జొన్నకు చుట్టమైన రకాన్నే ఇక్కడ ‘ఈజిప్షియన్ వీట్’ పేరుతో తెర కోసం అమ్ముతారు. పది అడుగులు పెరిగి గోడలా నిలుస్తుంది.

మడి ఆకారం విషయంలో ఒక హద్దు ఉంది. మొక్కజొన్న పుప్పొడి గాలికి రాలి పీచు మీద పడాలి. రెండు వరుసల సన్నని పట్టీలా వేస్తే పుప్పొడి గాలికి కొట్టుకుపోయి కంకులు బొక్కిగా మిగులుతాయి. వెడల్పుగా, దిమ్మలా వేయండి. విల్లుతో వేటాడేవారు మంచె ముందు పాతిక గజాల దూరంలో నడుము సన్నగా ఉండేలా మడిని మలచుకుంటే జింక అక్కడి నుంచే దాటుతుంది.

మట్టి

ముందు ఏడాది అక్టోబరులోనే మట్టి పరీక్ష చేయించండి. పొలంలో పదిహేను, ఇరవై చోట్ల ఆరేడు అంగుళాల లోతు మట్టి తీసి, బకెట్లో కలిపి, అందులోంచి ఒక గుప్పెడు సంచిలో పోసి మీ కౌంటీలోని (మన జిల్లా లాంటిది) మిస్సోరీ విశ్వవిద్యాలయ విస్తరణ కేంద్రంలో ఇస్తే చాలు. మట్టి పులుపును చూపే పీహెచ్ అంకెను మన దగ్గర మట్టిని నీటిలో కలిపి చూస్తారు. మిస్సోరీ నివేదికలో ఉప్పు ద్రావణంలో కొలిచిన అంకె ఉంటుంది. అది నీటి లెక్క కంటే అర పాయింటు దాకా తక్కువ చూపుతుంది. ఆ సంగతి తెలియక నేను మొదటిసారి కంగారుపడి అవసరానికి మించి సున్నం తెప్పించబోయాను. ఉప్పు లెక్కలో 6కు పైన ఉంటే మొక్కజొన్నకు ఇబ్బంది లేదు. తక్కువైతే నివేదిక చెప్పినంత వ్యవసాయ సున్నం ఆ శరదృతువులోనే చల్లి దున్నండి. సున్నం పని చేయడానికి నెలలు పడుతుంది. వసంతంలో చల్లి ఆ పంటకే ఫలితం ఆశించడం వృథా.

భాస్వరం, పొటాష్ నివేదిక ప్రకారం వేయండి. ఈ మడిలో గింజను కోసి అమ్మం కాబట్టి వాటిలో చాలా భాగం తిరిగి ఆ నేలకే చేరుతుంది. రెండో, మూడో ఏడాదికి ఆ ఖర్చు తగ్గుతుంది.

విత్తనం

ఇక్కడ హైబ్రిడ్ విత్తన సంచిలో 80,000 గింజలు ఉంటాయి, బరువు లెక్క కాదు. రకం ఎంచుకునేటప్పుడు గరిష్ఠ దిగుబడి చూడకండి. ‘కాండం బలం’ అన్న చోట ఎక్కువ మార్కులు ఉన్నది చూడండి. మనకు కావలసింది జనవరి గాలికి కూడా పడిపోని కర్ర. ఉత్తర, మధ్య మిస్సోరీకి 105–110 రోజుల రకం సరిపోతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే రకం తీసుకుంటే కలుపు పని తేలిక. విత్తన దుకాణాల్లో గత ఏడాది మిగిలిన సంచులు చవకగా ఇస్తారు. మొలక శాతం చూసుకొని తీసుకోండి, మేత మడికి అవి చాలు.

ఎకరానికి 24,000 గింజలు నా లెక్క. వ్యాపారానికి పండించేవారు 30,000కు పైగా వేస్తారు. మనం ఎరువు తక్కువ వేస్తాం, నీరు పెట్టం. ఒత్తుగా వేస్తే కర్ర సన్నబడుతుంది, కంకి చిన్నదవుతుంది. 24,000 లెక్కన ఒక సంచి మూడు ఎకరాలు దాటి వస్తుంది.

విత్తే రోజు

క్యాలెండరు చూసి విత్తకండి. రెండు అంగుళాల లోతులో నేల వేడి ఉదయం పూట 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 10 డిగ్రీల సెల్సియస్, దాటి వరుసగా కొన్ని రోజులు నిలవాలి. పది డాలర్ల థర్మామీటరు చాలు. ఉత్తర మిస్సోరీలో అది సాధారణంగా ఏప్రిల్ చివర వస్తుంది. నేను మే మొదటి, రెండో వారం దాకా ఆగుతాను. వెచ్చని నేలలో మొలక వారంలో లేస్తుంది. చల్లని నేలలో మూడు వారాలు పడి ఉంటే కాకులకు, పురుగులకు దొరుకుతుంది.

పదును చూడటం మాత్రం పరికరంతో అయ్యే పని కాదు. నాలుగు అంగుళాల లోతు మట్టి గుప్పెట్లోకి తీసుకొని పిడికిలి బిగించండి. తెరిచి బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విరిగితే అదను వచ్చినట్టే. వేలిముద్ర పడి, ముద్ద మెరుస్తూ అలాగే నిలిచిందంటే ట్రాక్టరు తాళం జేబులో వేసుకొని ఇంటికి వెళ్లండి. ఇక్కడి బంకమన్ను తడిలో దున్నితే ఎండాక కట్టే బెడ్డలు ఆగస్టు దాకా కరగవు. మా నాన్న ఇదే పరీక్ష నల్లరేగడిలో చేసేవారు. భూమి మారినా పిడికిలి లెక్క మారలేదు.

వరుసల మధ్య 30 అంగుళాలు, గింజకు గింజకు తొమ్మిది అంగుళాలకు కాస్త తక్కువ, లోతు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. లోతు దగ్గర రాజీ పడకండి. అంగుళం లోతున పడ్డ గింజ కూడా మొలుస్తుంది గాని, వేళ్లు పైపైనే పట్టి మొక్క గాలికి వాలుతుంది. చల్లి దున్నే పద్ధతి మొక్కజొన్నకు పనికిరాదని అందుకే చెబుతాను. రెండు వరుసల పాత ప్లాంటరు (విత్తే యంత్రం) అద్దెకు దొరుకుతుంది. నాలుగు వరుసలది పొరుగు రైతుకు ఉంటే డీజిల్, కూలి ఇచ్చి వేయించుకోండి. రెండు గంటల పని.

పదిహేను రోజులయ్యాక మొలక లెక్క చూడండి. 30 అంగుళాల సాళ్లలో 17 అడుగుల 5 అంగుళాల పొడవు అంటే ఎకరంలో వెయ్యో వంతు. ఆ పొడవున 22 మొక్కలుంటే ఎకరానికి 22,000. పదిహేనుకు తగ్గితే మళ్లీ వేయడం గురించి ఆలోచించాలి. జూన్ మొదటి వారం దాటితే మళ్లీ వేయకండి, ఆ జాగాలో సోయా చల్లండి.

కలుపు, పైపాటు

మూడు ఆకుల నుంచి ఎనిమిది ఆకుల దశ దాకా కలుపు లేకుండా చూసుకుంటే తర్వాత నీడ మిగతా పని చేస్తుంది. ఆ మూడు నాలుగు వారాలు వదిలేస్తే ఎంత ఎరువు వేసినా అది కలుపుకే. గ్లైఫోసేట్ తట్టుకునే రకానికి ఆ మందు మొక్క 30 అంగుళాలు పెరగక ముందే కొట్టాలి. మిస్సోరీలో వాటర్‌హెంప్ అనే తోటకూర జాతి కలుపు చాలాచోట్ల గ్లైఫోసేట్‌కు చావడం లేదు. అది ఉన్న పొలంలో విత్తిన వెంటనే నేల మీద కొట్టే మందు కూడా అవసరం. అలాంటి మందే అయిన అట్రజిన్ కొనడానికి, వాడడానికి లైసెన్సు కావాలి. లేనివారు సహకార సంఘం వారితో కొట్టించుకుంటారు. అట్రజిన్ కొట్టిన నేలలో ఆ శరదృతువులో క్లోవర్, ముల్లంగి వేస్తే మొలక మాడిపోతుందని గుర్తుంచుకోండి. మందు ఇష్టం లేనివారు సాళ్ల మధ్య గుంటక తోలినట్టే ట్రాక్టరుతో రెండుసార్లు అంతరకృషి చేయవచ్చు. చిన్న మడికి అది హాయిగా సాగే పని.

నత్రజని విషయంలో పిసినారితనం వద్దు. ఎకరానికి 100 పౌండ్లు కావాలి. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి 217 పౌండ్ల యూరియా. మూడో వంతు దుక్కిలో, మిగతాది మొక్క మోకాలెత్తుకు వచ్చాక. పైపాటు వేసే రోజు వాన కబురు చూసుకోండి. పొడి నేల మీద యూరియా చల్లి వారం ఎండబెడితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. నేను మధ్యాహ్నం మబ్బు కమ్మే రోజు కోసం సంచులు బండిలోనే పెట్టుకొని ఎదురుచూస్తాను. ముందు ఏడాది ఆ నేలలో క్లోవర్ గాని సోయా గాని ఉంటే కొంత తగ్గించవచ్చు.

కంచె

నా మడిని నిలబెట్టింది కంచె. సౌరశక్తితో నడిచే కరెంటు పెట్టె, ఫైబరు గడలు, తెల్ల పట్టీ తీగ, ఇవే కావలసినవి. రెండు వరుసలుగా వేయాలి. బయటి వరుసలో నేల నుంచి 18 అంగుళాల ఎత్తున ఒకే తీగ. దానికి మూడు అడుగుల లోపల రెండో వరుస, 10, 24 అంగుళాల ఎత్తున రెండు తీగలు. ఎనిమిది అడుగుల గోడను దూకగల జింక ఈ రెండడుగుల కంచె ముందు ఆగిపోతుంది. దానికి లోతు అంచనా సరిగా అందదు, రెండు వరుసల మధ్య దిగాలా దాటాలా అని తేల్చుకోలేదు. బయటి తీగకు అక్కడక్కడ రేకు ముక్కలు చుట్టి వేరుశనగ వెన్న పూయండి. ముక్కు తగిలిన జింకకు ఒక్క దెబ్బతో జ్ఞాపకం ఉండిపోతుంది, ఒంటికి హాని జరగదు.

కంచె విత్తిన రోజే పూర్తి కావాలి. ఒక్కసారి లోపలి రుచి తెలిసిన జింకను ఆపడం చాలా కష్టం. అయిదారు ఆకుల దశ దాకా మొక్క ఎదిగే మొన నేల కిందే ఉంటుంది కాబట్టి పై ఆకులు కొరికినా తిరిగి లేస్తుంది. ఆ తర్వాత మొవ్వు పోతే కంకి లేనట్టే. తీగ కింద గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. రెండు వారాలకోసారి గడ్డి కోయాలి. రాకూన్ల బెడద ఉన్నవారు పాలకంకి రాకముందే ఆరు అంగుళాల ఎత్తున ఇంకో తీగ కలపండి. అవి కర్ర ఎక్కి వంచి, ప్రతి కంకినీ రెండు కొరుకులు కొరికి వదిలేస్తాయి. తినేదానికంటే పాడు చేసేదే ఎక్కువ.

జూలై నుంచి అక్టోబరు దాకా

పీచు వేసే పది పదిహేను రోజులు వాన పడితే సగం గెలిచినట్టు. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. పుప్పొడి అందని పోగు దగ్గర గింజ కట్టదు. పీచు వేసిన పది రోజులకు ఒక కంకి తెంపి, పైపొరలు జాగ్రత్తగా విప్పి, తలకిందులు చేసి మెల్లగా విదిలించండి. గింజ కట్టిన చోట పీచు ఊడి రాలిపోతుంది. కట్టని చోట అతుక్కొనే ఉంటుంది. ఆ ఒక్క విదిలింపుతో మడి భవిష్యత్తు తెలిసిపోతుంది.

మొవ్వులో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే అది కత్తెర పురుగు. 2018లో మన దేశంలో దిగి తెలుగు రైతును ఏడిపించిన ఆ పురుగు సొంత ఊరు ఈ ఖండమే. ఇక్కడి చలికి అది బతకదు, ఏటా దక్షిణం నుంచి ఎగిరి వస్తుంది. మేలో వేసిన పంటకు దాని దెబ్బ తక్కువ, జూన్‌లో వేసినదానికి ఎక్కువ.

గింజ మొదట్లో నల్ల పొర కనిపిస్తే పంట పక్వానికి వచ్చినట్టు. అక్టోబరులో సాళ్ల మధ్య నడుస్తూ కర్రలను భుజం ఎత్తులో పక్కకు నెట్టి చూడండి. పదింటిలో రెండు మూడు కణుపు దగ్గర విరిగితే కాండం కుళ్లు ఉన్నట్టు, జనవరి దాకా నిలవవు. ఎండలు మండిన ఏడాది కంకులు విప్పి పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు ఉందేమో చూడండి. దాని విషం పక్షులకు ప్రాణాంతకం. బాగా పట్టిన భాగాన్ని దున్నేస్తాను, నష్టమైనా సరే.

కంచె తీయడం, మంచె ఎక్కడం

కంచె తీసే రోజు మీ చేతిలో ఉండటం ఈ పద్ధతిలోని పెద్ద బలం. నేను నవంబరు మొదటి వారంలో మంచెకు ఎదురుగా ఉన్న పక్క మాత్రమే తెరుస్తాను. మిగతా మూడు వైపులా తీగ ఉంటుంది. జింకలన్నీ ఒకే గుమ్మం గుండా వస్తాయి. ఒక్కసారిగా గింజ మీద పడటం జింక కడుపుకు మంచిది కాదు. ఆకులు నమిలే పశువుకు పిండి తిండి అలవాటు కావడానికి రెండు మూడు వారాలు కావాలి, లేకపోతే పొట్టలో పులిసి ప్రాణం మీదకు వస్తుంది. ఓక్ కాయలు ఇంకా ఉన్నప్పుడే తెరిస్తే అవి కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటాయి. నవంబరు మధ్యలో జత కట్టే కాలం. ఆ రోజుల్లో మగ జింకలు తిండి చూడవు, మడిలోకి వచ్చిన ఆడవాటిని వెతుక్కుంటూ వస్తాయి.

డిసెంబరులో చలి ముదిరాక, మంచె ముందు నాలుగు వరుసలు కోత యంత్రంతో పడగొడతాను. ఆ సాయంత్రాలే ఈ పంటకు ఫలం. గత ఏడాది మంచు ఆగిన రోజు, సూర్యుడు చెట్ల వెనక్కు దిగుతుండగా ఒక ముసలి ఆడ జింక ఒంటరిగా వచ్చింది. నిలిచిన కర్ర దగ్గర మెడ పక్కకు తిప్పి, కంకి పైపొరను పళ్లతో పట్టి కిందికి లాగింది. ఎండిన పొర చిరిగిన చప్పుడు నాకు ముప్పై గజాల నుంచి వినిపించింది. గింజలు నాలుగైదు వరుసలు ఒలిచి, తల ఎత్తి, నమలడం ఆపి గాలి విన్నది. మళ్లీ నమిలింది. నేను బాణం తీయలేదు. వెనక ఇంకా కొన్ని జింకల అడుగుల చప్పుడు వినిపిస్తోంది, అవి చూడాలనిపించింది.

గాలి మీ నుంచి మడి వైపు వీస్తున్న రోజు ఎంత సెలవు దొరికినా వెళ్లకండి. మంచె చెట్టు మీదైతే నేల విడిచిన క్షణం నుంచి మళ్లీ నేల తాకే దాకా ఒంటికి భద్రతా పట్టీ ఉండాలి. వేటలో దెబ్బలు తగిలేది తుపాకీతో కంటే చెట్టు మీద నుంచి పడి ఎక్కువ. నిలిచిన పంట వైపు తుపాకీ పేల్చకండి. ఆకుల వెనక ఎవరున్నారో కనిపించదు, తూటా ఆగదు. వెనక మట్టి గట్టు గాని, కొండవాలు గాని ఉన్న దిక్కుకే గురి. మాంసం ఇంటికి ఎక్కువైతే ‘షేర్ ది హార్వెస్ట్’ పథకం కింద పేరు నమోదైన మాంసం దుకాణంలో ఇస్తే ఆకలితో ఉన్నవారికి చేరుతుంది.

జింకలకు పాకే క్రానిక్ వేస్టింగ్ జబ్బు మిస్సోరీలోనూ ఉంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన ఈ జబ్బుకు మందు లేదు. ఒకే కుప్ప మీద మూతులు పెట్టి తినే చోట అది వేగంగా పాకుతుందనే భయం ఉంది. కాబట్టి మడి ఖాళీ అయ్యాక సంచులు తెచ్చి పోయాలన్న ఆలోచన రానివ్వకండి. మీ కౌంటీలో కొట్టిన జింకను పరీక్షకు ఇవ్వాలన్న నిబంధన ఉందేమో చూసుకోండి. లేకపోయినా తినే ముందు పరీక్ష చేయించడం మంచిది.

మళ్లీ వసంతం

ఒకే నేలలో వరుసగా రెండేళ్లకు మించి మొక్కజొన్న వేయకండి. వేరు పురుగు ఆ నేలలోనే గుడ్లు పెట్టి మరుసటి ఏడాది కాచుకొని ఉంటుంది. నేను మడిని రెండుగా చేసి ఒకదానిలో మొక్కజొన్న, రెండోదానిలో సోయా మార్చి మార్చి వేస్తాను. సోయా ఆకు వేసవిలో జింకలకు మేత, కాబట్టి కంచె మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది.

ఫిబ్రవరి చివర మిగిలిన కర్రలను కోయాలి. అయితే కోత యంత్రం దించే ముందు ప్రతి సాలూ కాలినడకన తిరగండి. జనవరి నుంచి మగ జింకలు కొమ్ములు రాల్చేస్తాయి, తిండి దొరికే చోటే ఎక్కువ సమయం గడుపుతాయి కాబట్టి చాలా కొమ్ములు ఈ మడిలోనే పడతాయి. చొప్ప మధ్య మొన పైకి ఉన్న కొమ్ము కనిపించదు. ట్రాక్టరు టైరులో దిగిందంటే ఆ వసంతం దుక్కి అక్కడే ఆగిపోతుంది.